నల్ల కారు, బోరు నీళ్ళు, మైక్రోఫైబర్ టవల్

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నల్ల కారు కొని నాలుగు నెలలైంది. విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ సెల్లారులో పెడుతున్నావు. రోజూ పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చి బకెట్టు నీళ్ళతో తుడిచి వెళ్తాడు. ఆదివారం మాత్రం నువ్వే బోరు నీళ్ళతో కడిగి, ఆన్‌లైన్‌లో కొన్న ‘1200 జీఎస్‌ఎమ్’ (బట్ట బరువు అంకె) మైక్రోఫైబర్ టవల్‌తో ఆరబెడతావు. మొన్న సాయంత్రం రుషికొండ దగ్గర ఆపి చూస్తే ఎండ పడిన చోటల్లా సాలెగూడులా గుండ్రటి గీతలు, బానెట్ మీద తెల్ల చుక్కలు కనిపించాయి. టవల్ మంచిది కాదేమో, ఏది కొనాలి, ఎలా ఉతకాలి అని అడిగావు.

ముందు సూటిగా చెప్పేస్తాను. 60×90 సెంటీమీటర్ల ట్విస్టెడ్ లూప్ (మెలి తిప్పిన పోగుల) టవళ్ళు రెండు, 40×40 మామూలు మైక్రోఫైబర్ టవళ్ళు ఓ ఆరు కొను. పెద్దవి రెండూ పెయింటుకే, అదీ శుభ్రంగా కడిగిన కారుకే. వాటిని ఇంటి బట్టల్లో కలపకుండా లిక్విడ్ డిటర్జెంట్‌తో విడిగా ఉతుకు. ఫాబ్రిక్ కండిషనర్ వెయ్యకు. నీడలో ఆరబెట్టి మూతున్న డబ్బాలో పెట్టు. వీటన్నిటికన్నా ముందు, ఆ రోజువారీ తుడవడం ఆపించు. నీ కారు మీదున్న గీతల్లో ఆదివారం పడ్డవి కొన్నే, ఎక్కువ భాగం మిగతా ఆరు రోజులవి. ఇక్కడితో చదవడం ఆపేసినా నీ పని జరిగిపోతుంది. కాకపోతే ఎందుకో తెలియకపోతే ఎవరూ నెలకి మించి పాటించరు, అందుకని మిగతాదీ రాస్తున్నా. అక్కయ్యపాలెంలో పదిహేడేళ్ళుగా కార్లు కడిగి పాలిష్ చేసే షెడ్డు నడుపుతున్నాను. నల్ల కారు కొన్నవాళ్ళ బాధ నాకు బాగా తెలుసు.

కారు మీద కనిపించే మెరుపంతా రంగుపైన వేసే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూతది. దాని మందం సుమారు 40 మైక్రాన్లు. జిరాక్స్ తీసే ఏ4 కాగితం 100 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే కాగితంలో సగం కూడా లేదు. ఎండకి రంగు వెలిసిపోకుండా కాపాడేదీ ఆ పొరే. దాని మీద గీత పెట్టేది టవల్‌కీ పెయింటుకీ మధ్య ఇరుక్కున్న రేణువు. మన ఊళ్ళో ఆ రేణువులకి కొదవ లేదు. బీచ్ రోడ్డు వైపు ఇసుక, ఉప్పు. పోర్టు పక్కన వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం దుమ్ము. గాజువాక, మల్కాపురం నుంచి వచ్చే తెల్ల కార్ల డోర్ల మీద నారింజ రంగు చుక్కలు చూస్తుంటాను, అది తుప్పు పట్టిన ఇనుప రజను. మధురవాడ వైపు వెళ్తే కొత్త కట్టడాల సిమెంటు దుమ్ము. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, అది క్లియర్ కోట్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది.

దానికి తోడు మన గాలిలో తేమ. ఉప్పు తేమని లాక్కుంటుంది, తేమ దుమ్ముని పట్టుకుంటుంది, తెల్లారేసరికి అంతా కలిసి కారుకి అతుక్కుపోతుంది. చలికాలంలో మంచు పడిన రోజు పొద్దున్నే చూడు. కారు మీద ఎలాగూ నీళ్ళు ఉన్నాయి కదా అని పొడి గుడ్డ పెట్టి లాగేస్తారు. ఆ నీళ్ళు నీళ్ళు కావు, సన్నటి బురద. చిరుజల్లు పడి వెలిసిన తర్వాతా అంతే. అలాంటప్పుడు ఎంత ఖరీదైన టవల్ చేతిలో ఉన్నా పెయింటు ముట్టుకోకు. అద్దాలు మాత్రం తుడుచుకుని బయల్దేరు.

సీతమ్మధారలో ఒక కస్టమర్ ఇంటి సెల్లారులో ఈ సంగతి కళ్ళారా చూశాను. ఆయన కారు తుడిచే కుర్రాడి గుడ్డ అడిగి తీసుకుని, తెల్ల ప్లాస్టిక్ టబ్బులో మంచినీళ్ళు పోసి జాడించి, పది నిమిషాలు కదపకుండా ఉంచాను. నీళ్ళు మెల్లగా వంపేస్తే అడుగున బూడిద రంగు మడ్డి మిగిలింది. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడింది. అక్కడే పాత సీడీ ఒకటి దొరికితే దాని మెరిసే వైపు ఆ మడ్డి పెట్టి తడి వేలితో ఒక్కసారి తిప్పాను. ఫోన్ టార్చి వేసి చూస్తే నీ బానెట్ మీదున్న గీతలే. ఆ కుర్రాడు సీడీని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఒకే గుడ్డ, ఒకే బకెట్టు నీళ్ళు, ఒక పూటకి ఎనిమిది కార్లు. అతని తప్పేం లేదు, మనం ఇచ్చిన పనిముట్లు అవే.

ఇప్పుడు టవల్ సంగతి. మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్, పాలియమైడ్ కలిపి తీసిన పోగు. పాలియమైడ్ అంటే నైలాన్ జాతే. ఆ పోగు ఒక డెనియర్ కన్నా సన్నంగా ఉంటుంది. 9000 మీటర్ల పోగు తూస్తే ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు, మైక్రోఫైబర్ పోగు అంత కూడా తూగదు. మంచి రకంలో ఈ పోగుని మళ్ళీ చీలుస్తారు. అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే బత్తాయి కాయని కోసినట్టు ఉంటుంది: మధ్యలో నక్షత్రంలా పాలియమైడ్, చుట్టూ తొనల్లా పాలియెస్టర్. నేసిన తర్వాత ఆ తొనలు విడిపోయేలా చేస్తారు. విడిపోయిన సందుల్లోకి నీళ్ళు పాకుతాయి, దుమ్ము కణం కూడా ఆ సందుల్లోకి వెళ్ళి పెయింటుకి దూరంగా ఉంటుంది. పాత బనియన్‌కీ, లుంగీ ముక్కకీ ఈ సందులు లేవు. నూలు పోగు గుండ్రంగా, దానికన్నా ఎంతో లావుగా ఉంటుంది, దుమ్ము దాని పైపైనే ఉండి పెయింటు మీద దొర్లుతుంది. గొట్టంలాంటి డబ్బాలో వచ్చే పసుపు రంగు షామీ నీళ్ళు బాగానే పీలుస్తుంది, కాకపోతే దాని ఒళ్ళు నున్నటిది. ఒక్క ఇసుక రేణువు కింద పడిందంటే దానికి దాక్కునే చోటు లేదు, మనం లాగినంత మేరా గీసుకుంటూ వస్తుంది. అద్దాలకి షామీ వాడుకో, పెయింటుకి వద్దు.

చీలిన పోగా కాదా అని కొట్టులోనే తెలుసుకోవచ్చు. పొడి అరచేతి మీద టవల్ మెల్లగా లాగు. అరచేతి గరుకుకి అది చిన్నచిన్నగా తగులుకోవాలి, పట్టి పట్టి వదిలినట్టు అనిపించాలి. జారిపోతే అది చీలని పోగు, ఉత్త పాలియెస్టర్ గుడ్డ. ఇంట్లో అయితే ఇంకో పరీక్ష ఉంది. గ్రానైట్ గట్టు మీద రెండు చెంచాల నీళ్ళు పోసి టవల్ అంచు దాని మీదుగా లాగు. నీళ్ళు టవల్‌లోకి మాయమవ్వాలి. టవల్ ముందు అలలా తోసుకుపోతే దాన్ని కారు దగ్గరకి తేవద్దు. ఒక్కోసారి కొత్త టవల్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పూత ఏదో ఉండి మొదటిసారి సరిగ్గా పీల్చదు. ఒక ఉతుకు తర్వాత మళ్ళీ చూసి అప్పుడు తీర్పు చెప్పు.

జీఎస్‌ఎమ్ అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క. ఈ అంకె దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు, పట్టుకోవడం మాత్రం చాలా తేలిక. నువ్వు పంపిన ఫొటోలో టవల్ కవరు మీద 40×60 అని ఉంది. అంటే 0.24 చదరపు మీటర్లు. నిజంగా 1200 జీఎస్‌ఎమ్ అయితే 288 గ్రాములు తూగాలి. మీ వీధిలో కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడు. రెండేళ్ళ క్రితం షెడ్డుకి తెప్పించిన ఒక లాట్ మీదా ఇదే సైజు, ఇదే అంకె ఉంది. తూస్తే ఒక్కొక్కటి 140 గ్రాములు, అంటే 583 జీఎస్‌ఎమ్. చెప్పినదాంట్లో సగానికన్నా తక్కువ. టవల్ చెడ్డదేం కాదు, డోర్లకి వాడేశాను. కానీ నేను డబ్బు కట్టింది 1200కి. 60×90 టవల్ అయితే 0.54 చదరపు మీటర్లు, 1200 జీఎస్‌ఎమ్‌కి 648 గ్రాములు రావాలి. 40×40 అయితే 0.16, 350 జీఎస్‌ఎమ్‌కి 56 గ్రాములు. ఈ మూడు లెక్కలు ఫోన్‌లో రాసి పెట్టుకో.

బరువు ఎక్కువైతే మంచిదేనా అంటే, ఆరబెట్టడానికి అవును, మిగతా పనులకి కాదు. వ్యాక్స్ తుడవడానికి, కారు లోపల డ్యాష్‌బోర్డుకి 300, 350 చాలు. బరువు టవల్‌తో ఆ పనులు చేస్తే చెయ్యి నొప్పి తప్ప లాభం లేదు. ఆరబెట్టే టవల్‌లో అల్లిక ముఖ్యం. వాఫిల్ అల్లిక అంటే గళ్ళు గళ్ళుగా ఉండేది, తేలిక, తొందరగా ఆరుతుంది, అద్దాలకి చాలా బాగుంటుంది. పొడుగు నూగు ఉన్నది మెత్తన, కానీ బాగా తడిశాక పెయింటుని పట్టుకుని జరగదు. ట్విస్టెడ్ లూప్ అంటే మెలి తిప్పిన పోగులు వరసగా వేలాడుతున్నట్టు ఉండేది, ఒక్క తడవలో ఎక్కువ నీళ్ళు తాగుతుంది, తడిశాక కూడా జరుగుతుంది. నా షెడ్డులో అదే. 650 గ్రాముల పొడి టవల్ ఒక కారు టాపు, బానెట్, డిక్కీ ఆరబెట్టి వచ్చేసరికి కేజీ దాటి ఉంటుంది, పిండకుండా డోర్లకి కూడా సరిపోతుంది. పాలియెస్టర్ 70, పాలియమైడ్ 30 పాళ్ళలో ఉంటే 80, 20 కన్నా మెత్తగా ఉంటుంది. రెండూ పనికొస్తాయి.

అంచు చూడటం చాలామంది మర్చిపోతారు. టవల్ మధ్యలో ఎంత మెత్తగా ఉన్నా, చుట్టూ గట్టి నైలాన్ దారంతో ఓవర్‌లాక్ కుట్టు వేసి ఉంటే ఆ దారం గీస్తుంది. శాటిన్ పట్టీ వేసినదో, అసలు కుట్టు లేకుండా కత్తిరించినదో తీసుకో. కత్తిరించినవాటిలో కొన్నిటికి అంచు వేడికి కరిగి గట్టి ప్లాస్టిక్ గీతలా ఉంటుంది. గోటితో తడిమితే తెలుస్తుంది, పెదవికి ఆనించి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కుట్టులో కలిపేసిన లేబుల్ ఉంటే కత్తెరతో మొదలు దాకా తీసెయ్యి, ముక్క మిగలనివ్వకు. రంగు కూడా ఆలోచించి తీసుకో. పెయింటుకి ఒక రంగు, డోర్ల కింది భాగానికి ఇంకో రంగు, చక్రాలకి మరొకటి. చక్రాల దగ్గర బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి ఉంటుంది, అది ఒక్కసారి టవల్‌లో దిగితే ఎన్ని ఉతుకులు వేసినా పూర్తిగా పోదు.

ఆరబెట్టే పద్ధతికి వద్దాం. ఎండలో కడగకు. పొద్దున ఏడులోపు గానీ, సాయంత్రం ఎండ దిగాక గానీ, బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. షాంపూ అంతా పోయాక చివరిసారి నీళ్ళు పోసేటప్పుడు పైపు నాజిల్ తీసేసి, టాపు మీద నుంచి లావుపాటి ధారని మెల్లగా వదులు. పైపు లేకపోతే మగ్గుతోనే, కానీ విసరకుండా అంచు నుంచి జారవిడువు. నీళ్ళు నీళ్ళని లాక్కుంటూ దుప్పటిలా జారిపోతాయి, టవల్‌కి సగం పని తగ్గుతుంది. ఆ తర్వాత టవల్‌ని కొద్దిగా తడిపి గట్టిగా పిండు. ఎండు టవల్ మొదటి నిమిషంలో నీళ్ళు సరిగ్గా పట్టదు, లోపల కాస్త చెమ్మ ఉంటే వెంటనే లాగుతుంది. టవల్‌ని పూర్తిగా విప్పి టాపు మీద పరిచి, రెండు మూలలూ పట్టుకుని నీ వైపు మెల్లగా లాగు. చేత్తో నొక్కకు, దాని బరువే చాలు. డోర్ల మీద పరవడం కుదరదు కాబట్టి నాలుగు మడతలు వేసి అద్దుతూ వెళ్ళు. గుండ్రంగా తిప్పొద్దు. టాపు, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం, ఈ వరసలో దిగి, డోర్ల సగం దగ్గర ఆ టవల్ పక్కన పెట్టెయ్యి. కింది సగానికి రెండోది. సైడు మిర్రర్ల నుంచి, డోరు హ్యాండిళ్ళ నుంచి, నంబరు ప్లేటు వెనక నుంచి పది నిమిషాలపాటు నీళ్ళు కారుతూనే ఉంటాయి, చిన్న టవల్ ఒకటి వాటికి ఉంచుకో. నల్ల కారు కాబట్టి ప్యానెల్‌కి ఒకటి రెండు జల్లులు క్విక్ డీటెయిలర్ (పెయింటుకి జారుడు ఇచ్చే ద్రవం) స్ప్రే కొట్టి ఆరబెడితే టవల్ జారుతుంది, రాపిడి తగ్గుతుంది.

మధ్యలో టవల్ చేతిలోంచి జారి నేల మీద పడిందా, ఆ పూటకి అది అయిపోయింది. దులిపి వాడదామన్న ఆలోచన కూడా రానివ్వకు. మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పే మాట ఇదొక్కటే. ట్విస్టెడ్ లూప్ సందుల్లో ఇరుక్కున్న ఇసుక దులిపితే రాలదు, పెయింటు మీద నొక్కితే మాత్రం బయటికి వస్తుంది.

తెల్ల చుక్కలు నీళ్ళ వల్ల. సముద్రం పక్కన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు ఎక్కువ. నీళ్ళు ఆవిరైపోతాయి, అవి మిగులుతాయి. నల్ల గ్రానైట్ ముక్క మీద మూడు చుక్కలు పక్కపక్కనే వేసి చూశాను: షెడ్డు బోరుది, కార్పొరేషన్ (జీవీఎంసీ) కుళాయిది, ఇంట్లో ఏసీ గొట్టం నుంచి కారేది. ఆరాక బోరు చుక్క చోట తెల్లటి ఉంగరం, లోపల పొడి. కుళాయి చుక్క చోట వాలుగా చూస్తే కనపడే పల్చటి మచ్చ. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి రిజర్వాయర్ల నుంచి వచ్చేవి కాబట్టి కుళాయి నీళ్ళలో బోరు కన్నా ఖనిజాలు తక్కువ. ఏసీ చుక్క చోట ఏమీ లేదు. గాలిలో తేమ చల్లబడి నీరైందే అది, అందులో ఖనిజాలు ఉండవు. మన ఊరి ఉక్కకి రాత్రంతా ఏసీ నడిస్తే సగం బకెట్టుకి తక్కువ రాదు. వారమంతా పట్టి మూత పెట్టుకుంటే ఆదివారం చివరి కడుగుకి సరిపోతుంది. కారంతా బోరు నీళ్ళతో కడుగు, ఆఖరి రెండు బకెట్లు మాత్రం ఏసీవి పొయ్యి. తాగే నీళ్ళు కారుకి పొయ్యడం నాకూ ఇష్టం లేదు, అందుకే ఇది చెప్తున్నా. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు పట్టి కారు కడిగేవాళ్ళు ఉన్నారు, అది మాత్రం చెయ్యకు. మిషన్ వడగట్టిన ఖనిజాలన్నీ చేరేది ఆ నీళ్ళలోకే.

ఇప్పుడున్న చుక్కలకి తెల్ల వెనిగర్, ఏసీ నీళ్ళు సమానంగా కలిపి, నీడలో, చల్లటి బానెట్ మీద చిన్న టవల్‌తో అద్ది ఒక నిమిషం ఉంచి బాగా కడిగెయ్యి. రెండుసార్లకి పోకపోతే క్లియర్ కోట్‌లోకి దిగినట్టు, అప్పుడు పాలిష్ పని.

ఉతకడం దగ్గర నా అనుభవం ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన మూడో ఏడు, కొత్త టవళ్ళు ఇరవై తెచ్చి, మంచి వాసన వస్తుందని ఫాబ్రిక్ కండిషనర్ వేసి ఉతికించాను. మర్నాడు పెదవాల్తేరు నుంచి ఒక పెద్దాయన నల్ల కారు వచ్చింది. టవల్ పరిచి లాగితే నీళ్ళు పోలేదు, సన్నటి చారలుగా సాగాయి. మా కుర్రాడు పోవట్లేదని గట్టిగా అదిమి తుడిచాడు. ఆరాక బానెట్ అంతా మసక, వెలుతురులో గీతలు. తప్పు నాది అని ఆయనకి చెప్పి, రెండు రోజులు కూర్చుని పాలిష్ చేసి ఇచ్చాను. ఆ కండిషనర్ బట్టని మెత్తబరిచేది పోగు చుట్టూ కొవ్వులాంటి పల్చటి పూత వేసి. ఇంటి దుప్పటికి అది హాయిగా ఉంటుంది. మైక్రోఫైబర్‌కి మాత్రం తొనల మధ్య సందులు పూడిపోతాయి. ఆ ఇరవై టవళ్ళనీ గోరువెచ్చటి నీళ్ళలో లిక్విడ్ డిటర్జెంట్‌తో మూడుసార్లు ఉతికాక గానీ మళ్ళీ నీళ్ళు పీల్చలేదు.

బట్టల సబ్బు కూడా అంతే హాని చేస్తుంది, బోరు నీళ్ళున్న చోట మరీను. స్కూల్లో కఠిన జలం పాఠం గుర్తుండే ఉంటుంది: సబ్బు, నీళ్ళలోని కాల్షియం కలిసి కరగని తెల్ల తెట్టు అవుతాయి. ఆ తెట్టు పోగుల్లో చేరి ఎండితే టవల్ అప్పడంలా బిరుసెక్కుతుంది. సబ్బు బిళ్ళ రుద్దడం, బ్రష్ కొట్టడం, బండ మీద బాదడం ఏవీ వద్దు. వాషింగ్ మిషన్‌లో ఆరేడు టవళ్ళకి రెండు చెంచాల లిక్విడ్ చాలు, నీళ్ళ వేడి 40 డిగ్రీలు దాటకూడదు, జాడింపు ఒకటి ఎక్కువ పెట్టు. చేత్తో అయితే బకెట్టులో నానబెట్టి పిసికి జాడిస్తే సరి. టర్కీ తువ్వాళ్ళు, నూలు బట్టలు కలిపి వేస్తే వాటి నూగంతా ఇది పట్టేసుకుంటుంది, తర్వాత కారు మీద తెల్లగా రాలుతుంది. పెయింటు టవళ్ళనీ చక్రాల టవళ్ళనీ కూడా ఒకే బకెట్టులో వెయ్యకు. బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ అసలే వద్దు, ఆ పోగులు ప్లాస్టిక్ కాబట్టి వేడికి కొసలు కరిగి గట్టి పడతాయి.

బోరు నీళ్ళే దిక్కయితే నెలకొకసారి, బకెట్టు నీళ్ళలో అర కప్పు తెల్ల వెనిగర్ వేసి అరగంట నానబెట్టి, తర్వాత మంచినీళ్ళలో బాగా జాడించు. చేరిన ఖనిజం కరిగిపోయి టవల్ మళ్ళీ మెత్తబడుతుంది. వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకు, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఆరవెయ్యడం నీడలో. సముద్రం వైపు బాల్కనీలోనో, డాబా మీద తీగెకో వేస్తే గాలికి ఉప్పు, ఇసుక రెండూ వచ్చి చేరతాయి, అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. ఇంట్లో ఫ్యాను కింద స్టాండు మీద వేసుకో. వానాకాలంలో రెండు రోజులు పట్టినా కంగారు పడకు, కానీ తడి పూర్తిగా పోకుండా మడత పెట్టకు. చెమ్మతో డిక్కీలో పడేస్తే మన వాతావరణానికి మూడో రోజుకే బూజు వాసన. ఆరాక విప్పి ఒకసారి వెలుతురులో చూసి, వేళ్ళతో తడిమి, ఏ చిన్న ఎండుటాకు ముక్కో ముల్లో ఉంటే తీసేసి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు.

వాడిన కొద్దీ టవల్ గరుకెక్కుతుంది, ఏం చేసినా ఒకనాటికి తప్పదు. మెడ మీద రాసి చూసుకో, అక్కడ చర్మం సున్నితం. గుచ్చుకున్నట్టు అనిపిస్తే ఒక మూల కత్తిరించి డోర్ల లోపలి అంచులకి మార్చు. ఇంకా పాడయ్యాక రెండో మూల కూడా కత్తిరించి చక్రాలకి. అలా మూల చూస్తే చాలు, పొరపాటున పెయింటు మీదకి రాదు. సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద గట్టి పొరలా వేసే ద్రవం) తుడిచిన టవల్‌ని మాత్రం ఏ పనికీ ఉంచకు. అది పోగుల్లో గాజులా గట్టిపడుతుంది, అదే రోజు పారెయ్యి.

ఇక నీ కారు తుడిచే కుర్రాడితో మాట్లాడటం. పని మాన్పించొద్దు. నెలకి ఇచ్చే డబ్బు అంతే ఇస్తాను, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి కడుగు అని చెప్పు. రెండు బకెట్లు, కడగడానికి చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్టు ఒకటి, నీ పేరు రాసిన డబ్బాలో టవళ్ళు ఇవ్వు. ఒక బకెట్టులో షాంపూ, ఇంకోదాంట్లో మిట్టు జాడించడానికి ఉత్త నీళ్ళు. మిగతా రోజుల్లో అద్దాలు మాత్రం తుడిస్తే చాలు. సీడీ మీద గీతలు చూసిన ఆ సీతమ్మధార కుర్రాడు ఆ వారమే తనంతట తాను రెండో బకెట్టు కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్‌లో కొత్త కారు కొన్నవాళ్ళు ముందు అతన్నే అడుగుతారు.

ఉన్న గీతలకి రబ్బింగ్ చేయించాలని తొందరపడకు. పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ 40 మైక్రాన్లలో కొంత పోతుంది. ముందు ఈ పద్ధతి రెండు నెలలు నడిపి, కొత్త గీతలు పడటం ఆగిందని తేలాక ఒక్కసారే పల్చగా చేయించుకుంటే ఏళ్ళపాటు ఉంటుంది. ఈలోపు నీ దగ్గరున్న ఆ 40×60 టవల్ తూచి ఎన్ని గ్రాములు వచ్చిందో రాయి, అంచు దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టు. పెయింటుకి ఉంచాలో డోర్లకి దించాలో చూసి చెప్తాను.